స్టిక్ లాగితే విమానం ఎవరి మాట వింటుంది?

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు విమానాల మీదే వచ్చాయి. భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచీ మన రెండు జిల్లాల్లో టీకొట్టు దగ్గర కూడా ఇవే కబుర్లు కదా. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పక్కన పెట్టి, ఫ్లై-బై-వైర్, అంటే పైలట్ ఆజ్ఞను ఉక్కు కేబుల్ బదులు కరెంటు తీగలో పంపే పద్ధతి, దాని గురించి అడిగినవాటికే ఈసారి జవాబులు రాస్తున్నాను. విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ణి, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం. కొన్నిచోట్ల జవాబు పొడుగైతే ఓపిక పట్టండి.

చీపురుపల్లి నుంచి ఒక తల్లి: మా గుంటడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. సిరిమాను సంబరానికి విమానంలో వస్తానంటన్నాడు. ఇప్పటి విమానాల్లో పైలట్ చేతిలో ఏమీ లేదట, వైర్లూ కంప్యూటర్లే నడుపుతాయట. మా వీధిలో మీసేవ కంప్యూటరే రోజుకోసారి ఆగిపోద్ది. అంత ఎత్తున ఆగిపోతే ఏటి గతి బాబూ?

అమ్మా, కంప్యూటర్ ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది అనుకునే ఈ విమానాలను తయారుచేశారు. మీకొచ్చిన భయం ఆ ఇంజినీర్లకు మొదటిరోజే వచ్చింది, డిజైనంతా ఆ భయం చుట్టూనే నడిచింది.

ముందు పాత పద్ధతి చెప్తాను. పైలట్ ముందుండే కంట్రోల్ కాలమ్‌కి ఉక్కు కేబుళ్లు కట్టి ఉండేవి. అవి నేల కింద నుంచి కప్పీల మీదుగా రెక్కల దాకా, తోక దాకా పోయేవి. చిన్న విమానంలో పైలట్ చేతి బలమే రెక్క చివరి పలకను తిప్పేది. జెట్ విమానాలు పెద్దవయ్యాక మనిషి బలం చాలదు కాబట్టి, కేబుల్ వెళ్లి ఒక హైడ్రాలిక్ వాల్వ్‌ని తెరిచేది, నూనె ఒత్తిడి పలకను తోసేది. అంటే పెద్ద విమానాన్ని చేతి బలంతో నడపడం కంప్యూటర్లు రాకముందే ఆగిపోయింది. ఫ్లై-బై-వైర్‌లో మారింది ఆ కేబుల్ ఒక్కటే. దాని బదులు కరెంటు తీగలో సంకేతం వెళ్తుంది, మధ్యలో కంప్యూటర్ ఉండి ఆ సంకేతానికి అర్థం చెప్తుంది. తోసే పని ఇప్పటికీ హైడ్రాలిక్ నూనెదే. ఎయిర్‌బస్ కంపెనీ ఏ320 విమానంలో ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 3000 పౌండ్లు.

ఇక ఆగిపోవడం సంగతి. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఏ320 సంగతే తీసుకుందాం. అందులో ఫ్లైట్ కంట్రోల్ కోసమే ఏడు కంప్యూటర్లు ఉంటాయి: ఎలాక్‌లు (ఎలివేటర్లు, ఐలరాన్లు చూసేవి) రెండు, సెక్‌లు (స్పాయిలర్లు, ఎలివేటర్లు చూసేవి) మూడు, ఫ్యాక్‌లు (ముఖ్యంగా రడ్డర్ పని చూసేవి) రెండు. మామూలుగా తోక దగ్గరుండి ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్లను రెండో ఎలాక్ చూసుకుంటుంది, రెక్కల చివరుండి విమానాన్ని పక్కకి వంచే ఐలరాన్లను మొదటి ఎలాక్ చూసుకుంటుంది. ఒకటి పోతే రెండోది రెండు పనులూ చేస్తుంది. రెండు ఎలాక్‌లూ పోయాయనుకోండి, ఎలివేటర్లను సెక్‌లు అందుకుంటాయి, ఐలరాన్లు పనిచేయకపోయినా రెక్కల మీద లేచే స్పాయిలర్లతో విమానాన్ని పక్కకి వంచుతాయి.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది లెక్క కాదు, వాటిని వేరువేరుగా తయారుచేసిన తీరు. ఎలాక్‌లో వాడిన ప్రాసెసర్ రకం వేరు, సెక్‌లో వాడింది వేరు. ఒకే కంప్యూటర్ డబ్బాలో కూడా రెండు భాగాలు ఉంటాయి, ఒకటి ఆజ్ఞ ఇస్తుంది, రెండోది అదే లెక్క విడిగా చేసి మొదటిదాని మీద కన్నేసి ఉంచుతుంది. ఈ రెండిటికీ ప్రోగ్రాములు కూడా వేరువేరుగా రాయించారు. ఎందుకంటే ఒకే ప్రోగ్రాం ఏడు డబ్బాల్లో పెడితే అందులో ఉన్న ఒకే తప్పు ఏడింటినీ ఒకేసారి పడగొడుతుంది. రెండు భాగాల లెక్కా కలవకపోతే ఆ కంప్యూటర్ వాదన పెట్టుకోదు, తనంతట తానే ఆ పని నుంచి తప్పుకుంటుంది, పక్కది అందుకుంటుంది. ఈ మార్పు మీ అబ్బాయికి సీట్లో కూర్చుంటే తెలియను కూడా తెలియదు.

తీగలు కూడా ఒకే దారిలో వెళ్లవు, ఒకచోట దెబ్బ తగిలితే అన్నీ తెగకూడదు కదా. హైడ్రాలిక్ వ్యవస్థలు మూడు, వాటికి గ్రీన్, బ్లూ, ఎల్లో అని పేర్లు. కరెంటుకి రెండు ఇంజన్ల జనరేటర్లు, తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజన్ జనరేటర్, బ్యాటరీలు. ఆ జనరేటర్లన్నీ పోతే పొట్ట కింద నుంచి రాట్ అనే చిన్న ఫ్యాన్ బయటికి దిగుతుంది, ఎదురుగాలికి అది తిరిగి బ్లూ హైడ్రాలిక్‌కి ఒత్తిడి ఇస్తుంది, ఆ ఒత్తిడే ఎమర్జెన్సీ జనరేటర్‌ని తిప్పుతుంది. ఇంకా చివరి మెట్టు ఒకటుంది. ఏ320ని మొదట తయారుచేసినప్పుడే తోకలోని స్టెబిలైజర్‌ని (ఎలివేటర్లు బిగించి ఉండే అడ్డ రెక్కని) తిప్పే ట్రిమ్ చక్రానికీ, రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే నిలువు పలక) పెడళ్లకూ పాత పద్ధతి కేబుళ్లు ఉంచారు. ఏడూ ఒక్కసారి పోయినా, కంప్యూటర్లను మళ్లీ ఆన్ చేసుకునేదాకా విమానాన్ని నిలబెట్టడానికి అవి.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఒక ఏ320 పైకి లేచిన కాసేపటికే పక్షుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ పనికిరాకుండా పోయాయి. కెప్టెన్ సలెన్‌బర్గర్ వెంటనే చేసిన పనుల్లో ఒకటి ఏపీయూ ఆన్ చేయడం. దాంతో కరెంటు ఆగలేదు, కంప్యూటర్లు పూర్తి స్థాయిలో పనిచేస్తూనే ఉన్నాయి, హడ్సన్ నదిలో దింపేటప్పుడు ఆయన సైడ్‌స్టిక్‌ని (ఏ320లో కంట్రోల్ కాలమ్ బదులు పైలట్ పక్కనుండే చిన్న కర్రని) చివరిదాకా లాగినా విమానం గాల్లో పట్టు తప్పకుండా అవి కాపాడాయి. అందులో ఉన్న 155 మందీ బతికారు. నిర్ణయం మనిషిది, హద్దు కాపాడింది కంప్యూటర్. మీ అబ్బాయిని ధైర్యంగా రమ్మనండి అమ్మా.

రాజాం నుంచి బీటెక్ విద్యార్థి: సార్, నార్మల్ లా, ఆల్టర్నేట్ లా, డైరెక్ట్ లా అని వీడియోల్లో చెప్తున్నారు. స్టిక్ కదిపితే పలక కదలడమే కదా, ఇందులో చట్టాలేమిటి?

బాబూ, కీలకం అక్కడే ఉంది. ఇక్కడ 'లా' అంటే స్టిక్ కదలికకి కంప్యూటర్ అర్థం చెప్పుకునే నియమం. పాత విమానంలో కంట్రోల్ కాలమ్ ఎంత లాగితే పలక అంత కదులుతుంది. ఫ్లై-బై-వైర్‌లో 'నార్మల్ లా'లో ఉన్నప్పుడు నీ సైడ్‌స్టిక్ పలకను అడగదు, విమానం ఎలా కదలాలో అడుగుతుంది. వెనక్కి లాగితే "నాకు ఇంత జీ బలం కావాలి" అని అర్థం (1 జీ అంటే మన మామూలు బరువు, 2 జీ అంటే దానికి రెట్టింపు). పక్కకి వంచితే "ఇంత వేగంతో దొర్లు" అని అర్థం. అందుకోసం ఏ పలక ఎన్ని డిగ్రీలు తిరగాలో ఆ ఎత్తుని బట్టి, వేగాన్ని బట్టి కంప్యూటర్ తేల్చుకుంటుంది. స్టిక్ వదిలేస్తే విమానం ఉన్న దారిలోనే పోతుంది, ముక్కు అదే తీరులో నిలిచేలా స్టెబిలైజర్‌ని సర్దే ట్రిమ్ పని కూడా తనే చేసుకుంటుంది.

మనూళ్లలో ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పగ్గం లాగితే ఎద్దు ఆ వైపు తిరుగుతుంది, కాలు ఎక్కడ వెయ్యాలో అదే చూసుకుంటుంది, నువ్వు ఎంత లాగినా బావిలోకి మాత్రం దిగదు.

ఆ బావి గట్టు ఎక్కడుందో అంకెల్లో చెప్తాను. ఏ320లో ఫ్లాపులు (ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెక్క వెనక నుంచి బయటికొచ్చే పలకలు) లోపలికి ఉన్నప్పుడు పైకి 2.5 జీ, కిందికి మైనస్ 1 జీ దాటనివ్వదు. ముక్కు పైకి 30 డిగ్రీలు, కిందికి 15 డిగ్రీలు. పక్కకి 67 డిగ్రీలు. 33 డిగ్రీలు దాటి వంచాక స్టిక్ వదిలేస్తే తనంతట తానే 33కి వచ్చేస్తుంది. రెక్క గాలికి మరీ ఎదురెక్కి లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, కోల్పోయే స్థితికి, అంటే స్టాల్‌కి చేరనివ్వదు, అవసరమైతే ఇంజన్లకు పూర్తి థ్రస్ట్ (ముందుకు తోసే బలం) తనే ఇచ్చేస్తుంది.

ఇవన్నీ సెన్సర్లు నిజం చెప్తున్నంతసేపే. వేగం ఎంతో, గాలి ఏ కోణంలో వస్తోందో నమ్మకంగా తెలియనప్పుడు కంప్యూటర్ ఆ కాపలా వదిలేసి 'ఆల్టర్నేట్ లా'కి దిగుతుంది, ఇంకా పోతే 'డైరెక్ట్ లా', అంటే స్టిక్ ఎంతో పలక అంత. తెలియనప్పుడు తెలిసినట్టు నటించకుండా పైలట్‌కి అప్పజెప్పడం నా దృష్టిలో సరైన పద్ధతే. కానీ ఆ క్షణంలో తను ఏ 'లా'లో ఉన్నాడో పైలట్‌కి తెలిసి ఉండాలి. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447, అది ఎయిర్‌బస్ ఏ330, దాని పీటో గొట్టాల్లో (గాలి వేగం కొలిచే గొట్టాల్లో) మంచు స్ఫటికాలు అడ్డుపడి వేగం లెక్కలు తప్పిపోయాయి. ఆటోపైలట్ వదిలేసింది, విమానం 'ఆల్టర్నేట్ లా'లోకి పోయింది. స్టాల్ హెచ్చరిక మోగుతుంది గానీ ఆపే కాపలా ఇక లేదు. అయినా స్టిక్ వెనక్కి లాగుతూనే ఉన్నారు. 228 మంది పోయారు. చదువుతుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. పీటో గొట్టాలు కొద్దిసేపటికే బాగయ్యాయి, విమానంలో ఇంకే లోపమూ లేదు.

ఇంకొకటి, దీనికి రెండోవైపు. 2008 అక్టోబర్ 7న సింగపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న క్వాంటాస్ 72లో ఒక డేటా యూనిట్, గాలి కోణం గురించి ఉండుండి తప్పుడు అంకెలు పంపింది. కంప్యూటర్ వాటిని నిజమనుకుని, స్టాల్ నుంచి తప్పిస్తున్నాననుకుని, ముక్కుని ఉన్నట్టుండి కిందికి వంచేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు. బెల్టు పెట్టుకోనివాళ్లు పైకప్పుకి తగిలారు, వందమందికి పైగా గాయపడ్డారు. విమానం మాత్రం లియర్‌మంత్‌లో క్షేమంగా దిగింది, తర్వాత ఆ లెక్క చేసే పద్ధతిని మార్చారు. కాబట్టి సీట్లో ఉన్నంతసేపూ బెల్టు తీయొద్దని ఎయిర్‌హోస్టెస్ చెప్పేది ఊరికే కాదు.

శ్రీకాకుళం నుంచి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: బోయింగ్ 737 మ్యాక్స్ రెండు కూలిపోయాయి కదండీ, అది ఈ ఫ్లై-బై-వైర్ వల్లే అని మా వాకింగ్ మిత్రులు అంటున్నారు. నిజమేనా?

కాదండీ. 737 ఫ్లై-బై-వైర్ విమానం కాదు. మ్యాక్స్‌లో స్పాయిలర్లకు తీగ పద్ధతి పెట్టారు గానీ, ఐలరాన్లకీ ఎలివేటర్లకీ ఇప్పటికీ కేబుళ్లూ హైడ్రాలిక్కులే. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్, 2019 మార్చి 10న ఇథియోపియన్, రెండిట్లో కలిపి 346 మంది పోయారు. కారణాల్లో ముఖ్యమైనది ఎంకాస్ అనే ప్రోగ్రాం. అది ఒకే ఒక్క గాలి కోణం సెన్సర్ మాట నమ్మి, తోకలోని స్టెబిలైజర్‌ని మళ్లీ మళ్లీ ముక్కు దిగేవైపు తిప్పింది. సెన్సర్లు విమానానికి రెండున్నాయి, కానీ ఒక్కసారికి ఒక్కదాన్నే అడిగారు.

చీపురుపల్లి అమ్మగారికి రాసిన జవాబు పక్కన ఇది పెట్టి చదవండి. అక్కడ ఒక కంప్యూటర్ లెక్కను ఇంకో కంప్యూటర్ చూస్తుంది, కలవకపోతే తప్పుకుంటుంది. ఇక్కడ పాత విమానానికి కొత్త ప్రోగ్రాం ఒకటి అతికించి, దానికి ఎదురు చెప్పేవాళ్లెవర్నీ పెట్టలేదు. పైలట్లకు కూడా దాని సంగతి మొదట సరిగ్గా చెప్పలేదు. నాకు కోపం తెప్పించేది ఈ మాటే. తర్వాత రెండు సెన్సర్లనూ పోల్చేలా, ఒకసారికి మించి తిప్పకుండా దాన్ని మార్చారు. మీ మిత్రులతో చెప్పండి, తప్పు తీగది కాదు.

ఆమదాలవలస నుంచి ఒక గృహిణి: మొదటిసారి విమానం ఎక్కాను. కిటికీ పక్క సీటు. విమానం ఇంకా నేల మీద మెల్లగా పోతుండగానే రెక్క చివర ముక్క ఒకటి పైకీ కిందికీ ఊగింది, రెక్క మీద రేకులు లేచి పడుకున్నాయి. ఊడిపోతుందేమోనని ఒకటే టెన్షన్. అదేమిటండీ?

మీరు చాలా మంచి విషయం చూశారమ్మా, రోజూ ఎక్కేవాళ్లు కూడా గమనించరు. దాన్ని ఫ్లైట్ కంట్రోల్ చెక్ అంటారు. పైలట్ సైడ్‌స్టిక్‌ని ఎడమకీ కుడికీ, ముందుకీ వెనక్కీ చివరిదాకా తిప్పి, పలకలన్నీ పూర్తిగా కదులుతున్నాయో లేదో తెర మీద చూసుకుంటాడు. మీరు చూసిన చివరి ముక్క ఐలరాన్, లేచిన రేకులు స్పాయిలర్లు. ఎడమకి వంచితే ఎడమ రెక్క ఐలరాన్ పైకి లేస్తుంది, దాంతోపాటు ఎడమవైపు స్పాయిలర్లు కూడా లేస్తాయి.

హ్యాంగర్లో దగ్గరగా నిలబడి చూస్తే ఇంకా బాగుంటుంది. ఒక్కో ఐలరాన్‌కి రెండేసి యాక్చుయేటర్లు (పలకను తోసే పరికరాలు) ఉంటాయి, మెరిసే ఉక్కు కడ్డీ లోపలికీ బయటికీ జారుతూ ఉంటుంది, పక్కనే సన్నటి హైడ్రాలిక్ గొట్టాలూ, వైర్లు వచ్చి బిగించిన కనెక్టరూ. రెండిట్లో ఒకటే తోస్తుంది. రెండోది నూనె అటూ ఇటూ పోనిస్తూ ఊరికే అనుసరిస్తుంది, మొదటిది పాడైతే అందుకోవడానికి. కడ్డీ ఎంత జారిందో కొలిచి చెప్పే చిన్న సెన్సర్ లోపల ఉంటుంది, ఆ కొలత కంప్యూటర్‌కి వెనక్కి పోతూ ఉంటుంది. అడిగింది ఒకటి, జరిగింది ఇంకొకటి అయితే దానికి వెంటనే తెలుస్తుంది. అది పనిచేసేటప్పుడు దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదు, అంత బలం.

ఈసారి ఎక్కితే ఇంకో రెండు చూడండి. దిగేముందు ఫ్లాపులు బయటికొచ్చినప్పుడు ఏ320లో రెండు ఐలరాన్లూ కలిసి 5 డిగ్రీలు కిందికి వాలతాయి, రెక్కకి ఇంకాస్త లిఫ్ట్ ఇవ్వడానికి. చక్రాలు నేలకి తగలగానే స్పాయిలర్లన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి, రెక్క లిఫ్ట్ పోయి బరువంతా చక్రాల మీద పడుతుంది, బ్రేకులు పట్టుకుంటాయి. చూడ్డానికి రెక్క విప్పేసినట్టుంటుంది, భయపడకండి.

బొబ్బిలి నుంచి ఒక టీచరు: ఎయిర్‌బస్‌లో ఇద్దరు పైలట్ల స్టిక్కులూ ఒకదానికొకటి కలిసి ఉండవట. ఇద్దరూ చెరోవైపు తిప్పితే?

కలిసి ఉండవు మాస్టారూ, అది నిజమే. ఇద్దరూ ఒకేసారి కదిపితే కంప్యూటర్ రెండు సంకేతాలనూ కూడేస్తుంది. ఒకరు పూర్తిగా ఎడమకి, ఇంకొకరు పూర్తిగా కుడికి అయితే సున్నా. అప్పుడు 'డ్యూయల్ ఇన్‌పుట్' అని కాక్‌పిట్‌లో గొంతు వినిపిస్తుంది. స్టిక్ మీద ఎర్ర బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకున్నవాళ్లదే చెల్లుబాటు.

బోయింగ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. వాళ్ల మొదటి ఫ్లై-బై-వైర్ ప్రయాణికుల విమానం 777, 1994లో ఎగిరింది, 1995లో సర్వీసులోకొచ్చింది. అందులో పాత కంట్రోల్ కాలమ్‌నే ఉంచారు. ఒకరు తిప్పితే రెండోవారి చేతిలోదీ కదులుతుంది, ఆటోపైలట్ నడుపుతున్నా కదులుతుంది. హద్దుల దగ్గర కూడా తేడా ఉంది. 777లో హద్దు దగ్గర కాలమ్ బరువెక్కుతుంది, అయినా గట్టిగా లాగితే దాటనిస్తుంది. ఎయిర్‌బస్ దాటనివ్వదు. ఏది మంచిదని పైలట్లు ఎప్పటినుంచో వాదించుకుంటున్నారు. నన్నడిగితే హద్దు విషయంలో ఎయిర్‌బస్‌కి, స్టిక్ విషయంలో బోయింగ్‌కి ఓటేస్తాను. పక్కవాడు ఏం చేస్తున్నాడో చేతికి తెలియడం చాలా పెద్ద విషయం, ఎయిర్ ఫ్రాన్స్ 447 చదివాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది.

పలాస నుంచి జీడిపప్పు వ్యాపారి: ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం ఎక్కాను. అది కూడా ఇదేనా?

కాదండీ. అది ఏటీఆర్ 72 అయితే, అందులో కేబుళ్లూ కడ్డీలే. ఐలరాన్, ఎలివేటర్ పైలట్ చేతి బలంతోనే కదులుతాయి. ఆ సైజు విమానానికి అది బాగా సరిపోతుంది, దానివల్ల భద్రత తగ్గిందని అనుకోకండి.

విజయనగరం నుంచి ఇంటర్ విద్యార్థిని: ఇదంతా ఫ్రాన్స్, అమెరికా వాళ్లదేనా? మనవాళ్లు చేశారా? నేను ఈ పనిలోకి వెళ్లాలంటే ఏం చదవాలి?

చేశారమ్మా, అదీ ఇంకా కష్టమైన రకం. ప్రయాణికుల విమానం స్వభావంగానే నిలకడైనది, అందుకే 'డైరెక్ట్ లా'లో పడినా పైలట్ చేత్తో నడపగలడు. మన తేజస్ యుద్ధ విమానం అలా కాదు. చురుగ్గా తిరగాలని దాన్ని కావాలనే నిలకడ లేకుండా డిజైన్ చేశారు. కంప్యూటర్ క్షణక్షణం సర్దకపోతే మనిషి దాన్ని గాల్లో నిలపలేడు. అందుకని నాలుగు వరసల డిజిటల్ ఫ్లై-బై-వైర్ పెట్టారు. 1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టడంతో అక్కడి నుంచి అందుతున్న సాయం ఆగిపోయింది. మిగిలిన పని మనవాళ్లే పూర్తిచేశారు, 2001 జనవరి 4న బెంగళూరులో తేజస్ మొదటిసారి ఎగిరింది. ఆ ఎగరడం వెనక ఉన్నది ముఖ్యంగా కంట్రోల్ లా రాసినవాళ్ల శ్రమ, వాళ్ల గురించి మన పత్రికల్లో రాసింది చాలా తక్కువ.

అసలు డిజిటల్ ఫ్లై-బై-వైర్ ఎలా మొదలైందో కూడా తెలుసుకో. 1972లో నాసా వాళ్లు ఒక ఎఫ్-8 యుద్ధ విమానంలో కేబుళ్లు తీసేసి, చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్‌ని పెట్టి ఎగరేశారు. అది 1987లో మొదట ఎగిరిన ఏ320తో ప్రయాణికుల దాకా వచ్చింది. దానికి ముందు కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానంలో కూడా తీగలున్నాయి గానీ అవి అనలాగ్, అంటే అంకెల్లో లెక్కచేసే డిజిటల్ కంప్యూటర్ లేనివి.

చదువు సంగతికొస్తే, ఏరోనాటికల్ ఒక్కటే దారి కాదు. ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్, ఏదైనా పరవాలేదు, కానీ కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టుని పరీక్ష కోసం కాకుండా పట్టుకుని చదవాలి. ఇప్పుడు ఇంటర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మాట్రిసెస్ వస్తున్నాయి కదా, వాటిని వదలకు, ఈ పనికి పునాది అవే. డిజైన్ కాకుండా విమానం మీద చెయ్యివేసి పనిచేయాలని ఉంటే డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) గుర్తించిన సంస్థలో ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ కోర్సు ఉంది, ఇంటర్ ఎంపీసీ తర్వాత చేరొచ్చు. చేరేముందు ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో, ఏజెంట్ మాట మీద ఫీజు కట్టొద్దని మీ నాన్నగారికి కూడా చెప్పు.